మన యింటి విషయములు: కారు దీపములు, ఎదుటివారి కన్నులు



ఈ శీర్షిక క్రింద మనము ఇంతవరకు వంటింటిని గూర్చియు, పిల్లల చదువును గూర్చియు, బియ్యమునకు పురుగుపట్టకుండు ఉపాయములను గూర్చియు మాటలాడుకొనుచు వచ్చితిమి. ఈ నెల ఒక మోటారుకారు చక్రములను గూర్చియు, దాని ముందు దీపములను గూర్చియు వ్రాయబోవుచున్నాము. “ఇది మగవారి ముచ్చట గదా, మనకెందులకు?” అని మీలో కొందరు పుట త్రిప్పివేయవచ్చును. త్రిప్పవలదని మా మనవి. నేడు కార్లు నడుపు స్త్రీలు తక్కువవారు కారు. ఎవరు నడిపినను దానికి పోయెడి సొమ్ము ఇంటిసొమ్ము. అందు కూర్చుండువారు మన పిల్లలు. దానికి ఎదురుగా వచ్చువారును ఎవరో ఒకరి యింటివారే.

గత కార్తికమాసమున మేము గాజువాకలోని మా ఆడపడుచు ఇంటికి వెళ్లితిమి. ఒకప్పుడు గాజువాక విశాఖపట్టణమునకు దూరముగా నుండిన చిన్న ఊరు. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట నానాటికి పెరిగి, 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయినది. కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవు 16వ నంబరు జాతీయ రహదారి దాని నడుమనుండియే పోవుచున్నది. రేవునకు పోయివచ్చు లారీలు, ఉక్కు కర్మాగారపు షిఫ్టులవారి స్కూటర్లు, దువ్వాడ, అచ్యుతాపురము కర్మాగారములలో పనిచేయు ఆడపిల్లల బస్సులు - ఆ మార్గమునకు రాత్రియనియు పగలనియు భేదము లేదు.

మా ఆడపడుచు కుమారుడు ఓడలలో ఇంజనీరు. సెలవుపై వచ్చి యింటనున్నాడు. మేము గుమ్మము త్రొక్కకమునుపే ఇంటిముందున్న ఎఱ్ఱని కారు మా కంటబడినది. దాని పేరు ఫోర్డ్ మస్టాంగు. మస్టాంగు అనగా అమెరికా మైదానములలో స్వేచ్ఛగా తిరుగు అడవిగుఱ్ఱము. ఈ కారును మొట్టమొదట 1964 ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున లోకమునకు చూపిరట. అమెరికాలో బండ్లు బాటకు కుడిప్రక్కన నడచును గనుక స్టీరింగు ఎడమవైపున నుండును. కర్మాగారమునుండియే కుడివైపు స్టీరింగుతో మస్టాంగు వెలువడుట 2015 నాటి నమూనాతో మొదలైనది. 2016లో దానిని మన దేశమునకు దిగుమతి చేసి అమ్మిరి. అయిదు లీటర్ల యింజను, ఎనిమిది సిలిండర్లు. నాటి వెల సుమారు 65 లక్షల రూపాయలు. 2021లో ఫోర్డువారు ఈ దేశమున కార్ల తయారీని విరమింతుమని ప్రకటించిరి. మావాడు దీనిని వేరొకరివద్ద సెకండుహాండులో, చాల తక్కువకు కొన్నాడు.

రాత్రి భోజనములైన తరువాత మా ఆడపడుచు మా ప్రక్కన చేరి మెల్లగా నిట్లనెను: “వదినా! కారు వాడి కష్టార్జితముతో కొనుక్కొన్నాడు. నేనేమియు అనలేదు. ఇప్పుడు చక్రములు మార్చవలెనట, దీపములు మార్చవలెనట. నా చీటీ సొమ్ము అడుగుచున్నాడు. తెలియక ఔననలేను, కడుపున పుట్టినవాడిని కాదనలేను. ఇది ఉపయోగమో, ఉత్త డాబో నీవు కనుగొని చెప్పు.”

మేము ఇంజనీర్లము కాము. అయినను అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడువారమును కాము. మరునాటి ఉదయమున మేనల్లుని వెంటబెట్టుకొని గాజువాక ఆటోనగరునకు పోతిమి. ఒకచోట రేకులు సాగగొట్టుచున్నారు; ఒకచోట రంగు చల్లుచున్నారు; ఒకచోట లేతు తిరుగుచున్నది. నలుబది యేండ్లుగా చక్రముల పనిలోనున్న ఒక మేస్త్రీ మాకు ముక్కాలిపీట వేయించి కూర్చుండబెట్టి, మా ప్రశ్నలన్నిటికిని ఓపికతో బదులు చెప్పెను.

మొదట చక్రముల సంగతి. టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెలను మీరు చూచియే యుందురు. మావాని కారు ముందు టైరుపై 255/40 ఆర్ 19 అని యున్నది. 255 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అనగా ఆ వెడల్పులో నూటికి నలుబది వంతులు టైరు ప్రక్కగోడ ఎత్తని యర్థము. అనగా 102 మిల్లీమీటర్లు. చివరి 19 లోపలి లోహచక్రపు వ్యాసము, అంగుళములలో. మొత్తము చక్రము ఎత్తు సుమారు 687 మిల్లీమీటర్లు. ఈ లెక్క చీరె కొలత, జాకెట్టు కొలత తెలిసినవారికి ఒక లెక్కయే కాదు.

మావాడు కోరినది 20 అంగుళముల చక్రము. లోహచక్రము పెద్దదైనప్పుడు మొత్తము ఎత్తు మారకుండవలెనన్న టైరు ప్రక్కగోడను తగ్గింపవలెను. 255/35 ఆర్ 20 అను టైరు వేసినయెడల ఎత్తు ఇంచుమించు అదియే, 687 మిల్లీమీటర్లు. కాని ప్రక్కగోడ 102 నుండి 89 మిల్లీమీటర్లకు దిగును. “అర అంగుళమే గదా అత్తా!” అని మావాడనెను. మేస్త్రీ నవ్వి, “బాబూ, గుంటలో పడినప్పుడు దెబ్బ కాచుకొనునది ఆ రబ్బరే, అందులో అర అంగుళము పోయినదన్నమాట” అనెను. దూది తగ్గిన పరుపువలె అది చూపునకు చక్కగా నుండును, నడుమునకే తెలియును. ఇనుపచక్రము గుంటలో పడి వంగినను సాగగొట్టవచ్చును. అల్లాయి చక్రము అల్యూమినియముతో పోతపోసినది. పెద్దదెబ్బకు వంగుటయే గాక పగులును. ఈ అల్యూమినియమునకు మూలమైన అల్యూమినా దామంజోడినుండి రైలుపై విశాఖ రేవునకు వచ్చి విదేశములకు ఓడలెక్కుచున్నది. అటువంటి ఊరివారు ఆ లోహపు గుణమును తెలిసికొనుట న్యాయమే. పైపూత గీచుకొనిపోయినచోట సముద్రపు ఉప్పుగాలి తగిలిన తెల్లని పొక్కులు లేచునని కూడ మేస్త్రీ చెప్పెను.

మొత్తము ఎత్తు మారిన నేమగును? 255/40 ఆర్ 20 అను టైరు వేసిరనుకొనుడు. ఎత్తు 712 మిల్లీమీటర్లగును. చక్రము ఒక్కమారు తిరిగినంతలో బండి మునుపటికంటె నూటికి సుమారు మూడున్నర వంతు లెక్కువ దూరము పోవును. వేగము చూపు ముల్లునకు ఆ సంగతి తెలియదు. అది నూరు చూపునప్పుడు బండి నూటమూడు పైబడి పోవుచుండును. టైరు పైరేకునకు రాచుకొనుట యింకొక బాధ.

ఇక బిగింపు. ఈ కారు చక్రమునకు అయిదు బోల్టులు. అవి 114.3 మిల్లీమీటర్ల వ్యాసముగల వలయముపై నిలిచియుండును. నడిమి రంధ్రము 70.5 మిల్లీమీటర్లు. ఈ రెండును సరిపోని చక్రమును బలవంతముగా ఎక్కింపరాదు. నడిమి రంధ్రము పెద్దదైనయెడల దానికి తగిన కడియము వేయవలెను. లేనిచో బండి వేగమందుకొన్న తరువాత స్టీరింగు వణకును. నట్లను చేతివాటముగా గాక, కొలతగల పానాతో 204 న్యూటన్ మీటర్ల బిగువునకు బిగించి, 160 కిలోమీటర్లు నడచులోపల మరల సరిచూడవలెనని తయారీదారుల పుస్తకముననే యున్నది. “ఈ రెండవమారు సరిచూచుటకు వచ్చువారు పదిమందిలో ఒక్కరు” అని మేస్త్రీ విచారపడెను.

చక్రముల సంగతి ఇంతటితో తేలినది. దీపముల సంగతి మాత్రము సాయంకాలమునకుగాని తేలలేదు.

అమెరికాలో 1940నుండి చాలకాలమువరకు కార్లన్నిటికిని నిర్ణీత కొలతల దీపములే యుండవలెనని నియమముండెడిది: మొదట ఏడంగుళముల గుండ్రని గాజుదీపము, లోపలకు గాలి దూరకుండ మూసివేసినది. అది మాడిపోయిన ఏ యంగడిలోనైనను మరియొకటి కొని వేసికొనుచుండిరి. 1980 దశకమున ఆ నియమము సడలినది. నాటినుండి ఒక్కొక్క కారునకు ఒక్కొక్క ఆకారము. కావుననే నేడు దీపమొకటి పగిలిన సంసారపు బడ్జెటు తలక్రిందులగుచున్నది. కావుననే కారు తయారీదారులు గాక ఇతరులు చేసి అమ్ము దీపములకు ఇంత గిరాకి యేర్పడినది. మావాడు అట్టి దీపముల జత నొకదానిని, నచ్చనిచో వాపసు చేయవచ్చునను షరతుపై, అమెరికానుండి తెప్పించెను. చూచుటకు అవి నిజముగా అందముగానున్నవి. ఆ దినముననే ఒక కుఱ్ఱవాడు వానిని కారునకు తగిలించి, “రేపు వచ్చిన ఎత్తుపల్లములు సరిచేసెదను” అని చెప్పి పంపెను.

చీకటి పడినది. మావాడు ఉత్సాహముతో దీపములు వెలిగించెను. వీధి పట్టపగలైనది. “చూచితివా అత్తా! ముందున్నదంతయు ఎట్లు కనబడుచున్నదో!” అనెను. నిజమే. కారులో కూర్చున్నవారికి అంతయు కనబడుచున్నది. కాని మాకు మేస్త్రీ పలికిన మాటయొకటి జ్ఞప్తికి వచ్చినది. దీపము మంచిదో చెడ్డదో కారులో కూర్చుండి చెప్పరాదు, కారునకు ఎదురుగా నిలిచి చెప్పవలెనని ఆయన యనియుండెను. మన కేంద్ర మోటారు వాహన నియమములలో 106వ నియమము చెప్పునదియు నిదియే. కారు దీపమునకు ఎనిమిది మీటర్ల దూరమున, కారు కుడి అంచునకు అరమీటరు కుడిగా, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఒక కన్నున్నదనుకొనుడు. ఆ కన్నునకు మిరుమిట్లు గొలుపకుండ కాంతి క్రిందికి వంగియుండవలెను.

ఒకటిన్నర మీటరు! సోదరీమణులారా, అది మనలో చాలమంది కన్నుల యెత్తు. మఱియు మన కుట్టుపెట్టెలోని టేపు పొడవు సరిగా అంతియే, 150 సెంటీమీటర్లు. మా ఆడపడుచు టేపు తెచ్చెను. అయిదు టేపులును, మూడవవంతును కొలిచిన ఎనిమిది మీటర్లైనది. మరి యొక మూడవవంతు కుడికి జరిగి, టేపు నిలువుగా పట్టి చూచితిమి. దాని పైకొస సరిగా ఆమె కనుబొమల క్రిందికి వచ్చినది. ఆమెను అచ్చటనే నిలువుమని, దీపములను క్రిందిచూపునకు మార్చి వెలిగింపుమంటిమి.

దీపములు వెలుగగానే ఆమె చేయి కన్నులకు అడ్డము పెట్టుకొన్నది. “కారు నంబరు చదువుము” అంటిమి. “నంబరు మాట యటుంచు వదినా! కారే కనబడుటలేదు. నీవెక్కడున్నావో తెలియుటలేదు” అన్నది. అప్పుడే ఆమె చిన్నకూతురు ట్యూషను ముగించుకొని స్కూటరుపై వీధి మలుపు తిరిగివచ్చుచు, ఆ వెలుగు ముఖమున పడగానే బ్రేకువేసి కాలు నేలకూని నిలిచిపోయినది. పడలేదు, దైవము మేలు చేసెను. మావాడు ఒక్కమాటయైన అనక దీపములు ఆర్పివేసి, కారు దిగి చెల్లెలికడకు పోయెను.

మరునాడు మరల ఆటోనగరునకు పోయి దీపముల వంపు సరిచేయించితిమి. ఎనిమిది మీటర్ల పరీక్ష నెగ్గినది. అయినను మేస్త్రీ తృప్తిపడక, కారును గోడకెదురుగా నిలిపి, గోడపైని వెలుగును చూపించెను. వెలుగు పైయంచు ఒక మెట్టువలె నుండెను. ఎడమవైపు క్రిందుగాను, కుడివైపు ఎత్తుగాను ఉన్నది. “అమ్మా! అమెరికాలో బండి కుడిప్రక్కన నడచును. కుడిప్రక్క బాటయంచు, నడచిపోవువారు కనబడుటకై ఆ వైపు వెలుగు ఎత్తుగా పెట్టుదురు. ఎదురుబండ్లు వచ్చు ఎడమవైపు దించుదురు. మనకు సర్వము తారుమారు. మన కుడివైపుననే ఎదురుబండ్లు వచ్చును. ఈ దీపమును ఎంత దించినను ఆ మెట్టు వైపు మారదు” అనెను. దించిన కొలది మన బాట పొడవునకు చాలదు. ఎత్తిన కొలది ఎదుటివారి కన్నులు పోవును. వస్తువు చెడ్డది కాదు. అది వేరొక దేశపు బాటకు పుట్టిన వస్తువు.

మన దేశమునకు దిగుమతియగు కార్ల దీపకాంతి ఎడమప్రక్కన నడచు రాకపోకలకు తగినదై యుండవలెనని దిగుమతి నిబంధనలలోనే కలదు. కావున ఆ కారుతో మొదట వచ్చిన దీపములు మన బాటకు సరిపడినవే. వానిని తీసివేసి, మావాడు తప్పుదీపములను కోరి తెచ్చుకొన్నాడు. దీనిని గుర్తించు ఉపాయ మొకటి మేస్త్రీ చెప్పెను. ఐరోపా పద్ధతిలో చేసిన దీపపు గాజుపై వలయములో ‘ఇ’ అను ఇంగ్లీషు అక్షరమును, ఒక అంకెయు నుండును. మీరు దీపమునకు ఎదురుగా నిలిచినప్పుడు మీ కుడిచేతివైపు చూపు బాణపు గుర్తు దానిపైనున్న అది ఎడమప్రక్కన నడచు దేశములకు చేసినది. బాణమునకు రెండు మొనలున్న రెండింటికిని పనికివచ్చును. బాణమే లేనియెడల అది మన బాటకు కాదు. ‘డి.ఓ.టి.’ అను మూడు ఇంగ్లీషు అక్షరములు మాత్రమే యున్నచో అమెరికా దీపమని తెలియవలెను.

ఇట్టి ఖరీదైన కార్లు మా యిండ్లలో లేవుగదా యందురేమో. ఈ తప్పు చిన్నకార్లకును, స్కూటర్లకును నిత్యము జరుగుచున్నది. పాత దీపపుబుడ్డిలో సన్నని తీగ వెలుగునట్టి బల్బు తీసి, అయిదారువందల రూపాయలకు దొరకు ఎల్.ఇ.డి. బల్బు దూర్చుచున్నారు. లాంతరు వత్తి ఉండవలసిన చోట ఉండక ప్రక్కకు ఒరిగిన చిమ్నీ మసిబారునుగదా. అట్లే లోపలి అద్దపుగిన్నె ఆ తీగ ఉండెడి స్థానమును బట్టి మలచినది. వెలుగుపుట్టు చోటు వెంట్రుకవాసి తప్పినను కాంతి బాటపై పడక నలుగడల చెదరును. నడుపువానికి “అబ్బ, ఎంత వెలుగు!” అనిపించును, ఎదుటివానికి కన్నుచీకటి క్రమ్మును. శుక్లములు వచ్చిన పెద్దవారి కన్నులలో ఈ చెదరిన కాంతి మఱింత చెదరి, కొన్ని క్షణములపాటు ఏమియు కనబడదు. ఆ కొన్ని క్షణములలో బండి ఎంత దూరము పోవునో లెక్కవేయుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున రెండు సెకనులకు సుమారు 28 మీటర్లు!

చట్టమును గూర్చియు ఒకమాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారు దీనినే స్పష్టముగా చెప్పిరి. ఆ సంవత్సరమే వచ్చిన సవరణచే, చట్టము ఒప్పని యొక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరునెలలవరకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చును. కాబట్టి ఏ మార్పునకైనను ముందు రవాణా కార్యాలయమున విచారించి, బీమావారికి వ్రాతమూలముగా తెలుపుట క్షేమము. ప్రమాదము జరిగిన పిమ్మట వాదించుటకంటె ముందు ఒక ఉత్తరము వ్రాయుట సులభము.

ఇక మా యింటి తీర్పు వినుడు. అమెరికా దీపములు వచ్చిన పెట్టెలోనే తిరిగిపోయినవి. కారు పాత దీపములకు పైన పసుపుపచ్చని మసక పట్టియుండెను. మేస్త్రీ దానిని మెరుగుపెట్టి తొలగించి, వంపు సరిచేసెను. కొత్తవానికి కావలసిన సొమ్ములో పదియవవంతైన కాలేదు, వెలుగు చక్కగానున్నది. చక్రముల విషయమున తల్లి సగము, కొడుకు సగము దిగివచ్చిరి. 20 అంగుళముల మాట మానుకొని, అదే 19 అంగుళముల కొలతలో, అదే వెడల్పులో, అంతే బరువు మోయగల కొత్త నమూనా చక్రములను రవాణా కార్యాలయమున అడిగిన పిమ్మట కొనుటకు నిశ్చయించుకొన్నారు. వయసువానికి ముచ్చట యుండకూడదని మే మనము. ముత్తైదువకు గాజులెట్లో, కుఱ్ఱవానికి బండి అట్లు. కాని గాజుల కొలత చేతిని బట్టి యుండవలెనుగదా.

మీ యింట ఎవరైన బండికి కొత్త సొగసులు కోరినప్పుడు ఈ ప్రశ్నలడుగుడు. చక్రము మొత్తము ఎత్తు మునుపటిదేనా? బోల్టుల వలయము, నడిమి రంధ్రము సరిపోయినవా? బిగువు రెండవమారు ఎప్పుడు చూపింతురు? దీపము ఏ ప్రక్కన నడచు దేశమునకు చేసినది? బీమావారికి తెలిపితిరా? వీనికి బదులు వచ్చినగాని పెట్టె తాళము తీయవలదు. బదులు వచ్చిన తరువాత కుట్టుపెట్టెలోని టేపు తీసికొని, ఎనిమిది మీటర్లు కొలుచుకొని, మీరే వెళ్లి ఎదుట నిలువుడు.

మేము బయలుదేరు నాటి సాయంకాలము మా ఆడపడుచు చీటీ సొమ్ములో మిగిలినది లెక్కించి లోపల దాచుకొనుచుండెను. వీధిలో మావాడు టేపు పట్టుకొని ప్రక్కయింటివారి స్కూటరు ముందు నిలిచియుండెను. అతని చెల్లెలు ఎనిమిది మీటర్ల దూరమున నిలిచి, “అన్నయ్యా, ఇదియు కొంచెము దింపవలెను” అని కేక వేయుచున్నది.